డబ్ల్యూడీఎం-2 మోడల్: గీత గీసే ముందు చేయాల్సిన పని

మన రైల్వేల పాత డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2కి చిన్న మోడల్ చేయాలనుకునేవాళ్ళు ముందు ఒక మాట మానుకోవాలి: "డబ్ల్యూడీఎం-2 చేస్తున్నాను" అనడం. 1962 నుంచి దశాబ్దాల పాటు ఈ ఇంజన్లు రెండు వేలకు పైగా తయారయ్యాయి. షెడ్డు షెడ్డుకీ రంగు మారింది, ఓవర్‌హాల్‌కి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పైపో పెట్టో జాలీయో మారింది. పది ఇంజన్ల ఫొటోలు ముందేసుకుని ఒక్కోదాంట్లోంచి ఒక్కో ముక్క తీసుకుంటే చివరికి పట్టాలమీద ఏ రోజూ తిరగని ఇంజన్ తయారవుతుంది. నిజంగా మోడల్ చేయగలిగేది ఒక నంబరుని, అదీ ఒక తేదీన ఉన్నట్టుగా. "ఫలానా నంబరు, గుత్తి షెడ్డు, 1985 ప్రాంతం" అని కాగితం పైన రాసుకోండి. దొరికిన ప్రతి ఫొటోనీ ఆ గీటురాయి మీద రుద్దండి. సగం ఫొటోలు అక్కడే రాలిపోతాయి, రాలిపోనివ్వండి.

నంబరు చెప్పే సంగతులు

పేరులో డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజరుకీ గూడ్సుకీ రెంటికీ పనికొచ్చేది. ఇంజన్ అమెరికాలోని ఆల్కో కంపెనీది, వాళ్ళ లెక్కలో డీఎల్-560సీ. లోపల ఉండేది 16 సిలిండర్ల 251బి డీజిల్ ఇంజను, 2600 హార్స్‌పవర్. మొదటివి 1962లో అక్కడినుంచే తయారై వచ్చాయి. వారణాసిలోని డీజిల్ ఇంజన్ల కర్మాగారం డీఎల్‌డబ్ల్యూ నుంచి 1964 జనవరిలో మొదటిది బయటికొచ్చింది. ఆల్కో పంపిన వాటిలో తొలి నంబరు 18040. దాన్ని ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో ఉంచారు.

నంబర్ల వరుస కొత్తవాళ్ళని బాగా తికమకపెడుతుంది. ముందు 18తో మొదలయ్యే అయిదంకెల నంబర్లు ఇచ్చారు, తర్వాత 17తో మొదలయ్యేవి, ఆ తర్వాత 16తో మొదలయ్యేవి. అంటే 16 వేల వరుసలోది 18 వేల వరుసలోదానికంటే చిన్నది, వయసులో. ఒకే వరుసలో మాత్రం అంకె పెరిగేకొద్దీ కొత్తది. నంబరు చివర ఇంగ్లీషు 'ఆర్' అక్షరం ఉంటే అది పాటియాలాలో మళ్ళీ కట్టిన ఇంజన్. చాలావరకు అవి 3100 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-3ఏలుగా మారినవి. దూరంనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, దగ్గరికెళ్తే తలుపులూ జాలీలూ కలవవు. 1980ల మోడల్‌కి 'ఆర్' నంబరు ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

17700ల్లో కొన్నిటికి షార్ట్ హుడ్‌ని (డ్రైవరు ఉండే క్యాబ్‌కి ఒకవైపున్న పొట్టి రేకు డబ్బా, రెండోవైపు పొడుగుది లాంగ్ హుడ్) క్యాబ్ అంత వెడల్పుగా కట్టారు. సిబ్బంది వాటిని జంబో అనేవాళ్ళు. మామూలు హుడ్ గీసి, ఆ నంబరు వేస్తే తెలిసినవాళ్ళు అల్లంత దూరంనుంచే పట్టేస్తారు.

బ్రేకు సంగతి బఫర్ బీమ్ (బఫర్లు బిగించిన అడ్డ దూలం) మీద కనిపిస్తుంది. వాక్యూమ్ బ్రేకుతో పుట్టిన ఇంజన్‌కి వాక్యూమ్ గొట్టం ఉంటుంది. తర్వాత ఎయిర్ బ్రేకు అమర్చినవి డబ్ల్యూడీఎం-2ఏ, పుట్టుకతోనే ఎయిర్ బ్రేకు ఉన్నవి 2బి. 2ఏలో ఎక్కువ వాటికి రెండు రకాల గొట్టాలూ వేలాడుతుంటాయి. ఇంజన్ ముఖం మీద ఇంతకంటే నమ్మకమైన తేదీ ముద్ర ఇంకోటి లేదు. తొలి ఫొటోల్లో లేని ఫ్లాషర్ లైటు తర్వాతి ఫొటోల్లో ఉండటం కూడా ఇలాంటి ఆనవాలే.

రైల్వే జోను పేరు విషయంలో తెలుగు ప్రాంతపు ఇంజన్లకి ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966 అక్టోబర్ 2న. అప్పటికీ గుంతకల్లు డివిజన్ దక్షిణ రైల్వేలోనే ఉంది. 1977 అక్టోబర్ 2న గానీ దక్షిణ మధ్యకి రాలేదు. కాబట్టి 1975 నాటి గుత్తి ఇంజన్ మీద దక్షిణ మధ్య అక్షరాలు వేస్తే తప్పు. విశాఖపట్నం షెడ్డు ఇంజన్‌కయితే 2003 ఏప్రిల్ 1 దాకా ఆగ్నేయ రైల్వే, ఆ తర్వాతే తూర్పు కోస్తా.

డ్రాయింగుని ఎంతవరకు నమ్మాలి

డ్రాయింగు దొరికిందంటే పని అయిపోయిందనుకుంటారు. డ్రాయింగులో రాసిన అంకెలు నమ్మొచ్చు, గీసిన గీతలు నమ్మకూడదు. కాపీకి కాపీ తీసిన కాగితం అడ్డంగా ఒకలా, నిలువుగా ఇంకోలా సాగుతుంది. స్కాన్ చేశాక, రాసి ఉన్న ఒక పొడవుని, రాసి ఉన్న ఒక ఎత్తుని విడివిడిగా కొలిచి రెండు వేర్వేరు గుణకాలు కట్టండి. రెండూ ఒకటే వస్తే అదృష్టం.

చేతిలో ఉండాల్సిన మూల కొలతలు ఇవి. బఫర్ నుంచి బఫర్‌కి పొడవు 17,120 మి.మీ., వెడల్పు 2,864, ఎత్తు 4,185, మొదటి ఇరుసు నుంచి ఆఖరి ఇరుసుకి 12,834, కొత్త చక్రం వ్యాసం 1,092. పొడవు బఫర్లతో కలిపి చెప్పిందన్నది మరవొద్దు. బ్రాడ్ గేజిలో బఫరు హెడ్‌స్టాక్ (అదే బఫర్ బీమ్) నుంచి 635 మి.మీ. ముందుకొస్తుంది, రెండువైపులా కలిపి 1,270. దాన్ని తీసేయకుండా ఫ్రేము గీసినవాళ్ళ మోడల్ హెచ్‌ఓ స్కేలులో (అసలులో 87వ వంతు) 14.6 మి.మీ. పొడుగు తేలుతుంది.

ఇంకో కిటుకు. ఇది పుట్టింది అడుగులూ అంగుళాల లోకంలో. 17,120 అంటే 56 అడుగుల 2 అంగుళాలు. 2,864 అంటే 9 అడుగుల 4¾. చక్రం సరిగ్గా 43 అంగుళాలు. మీరు కొలిచిన తలుపు 607 వచ్చిందనుకోండి, అది 24 అంగుళాలు, అంటే 610 అయి ఉండే అవకాశమే ఎక్కువ. ప్రతి కొలతనీ 25.4తో భాగించి, దగ్గరి పావు అంగుళానికి సర్ది, అప్పుడు గీయండి. వరసగా ఉన్న ఎనిమిది తలుపుల మొత్తం పొడవు హుడ్ పొడవుతో కలిస్తే సర్దుబాటు సరైనదే. కలవకపోతే ఎక్కడో ఒక తలుపు వేరే వెడల్పుది.

ఫొటో నుంచి కొలత

మనవాళ్ళు కొలబద్దగా చక్రాన్ని పట్టుకుంటారు. 1,092 అని తెలుసు కదా అని. కానీ చక్రం అరుగుతుంది, లేత్ మీద తిప్పుతారు, 1,016కి వచ్చేదాకా వాడతారు. అంటే ఏడు శాతం తేడా. ఆ తప్పు మొత్తం పొడవు మీద పడితే 17 మీటర్ల ఇంజన్ మీటరుకు పైగా పెరుగుతుంది. ఇరుసుల మధ్య దూరం అరగదు, అందుకే పక్కనుంచి తీసిన ఫొటోకి 12,834 కొలబద్ద. ఎదురు ఫొటోకి బఫర్ల నడిమి దూరం, 1,956 మి.మీ.

ముందు ఫొటోలో లెన్స్ వంపు సరిచేసి, పట్టా గీతని సమంగా తిప్పండి. తర్వాత ఎడమ బోగీలో బయటి ఇరుసుల మధ్య ఎన్ని పిక్సెళ్ళో, కుడి బోగీలో ఎన్నో లెక్కపెట్టండి. (పెట్టెని బోగీ అనడం మనకి అలవాటు, ఇక్కడ బోగీ అంటే మూడు ఇరుసుల చక్రాల చట్రం.) ఒకవైపు 412, ఇంకోవైపు 398 వస్తే కెమెరా ఇంజన్‌కి ఎదురుగా లేదు, కాస్త వాలుగా ఉంది. మూడు శాతం దాటితే ఆ ఫొటోని కొలతకి వాడొద్దు, ఏది ఎక్కడుందో చూడ్డానికి ఉంచుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. బోగీ పక్క చట్రం కంటే హుడ్ గోడ దాదాపు అర మీటరు లోపలికి ఉంటుంది. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి బోగీ దగ్గర కట్టిన లెక్కని హుడ్ తలుపుకి వాడితే తలుపు చిన్నదవుతుంది. ఎంత చిన్నదన్నది కెమెరా దూరం మీద ఉంటుంది. ఒక లెక్క చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 36 మి.మీ. సెన్సర్ మీద 6,000 పిక్సెళ్ళు, లెన్స్ 48 మి.మీ. దగ్గర ఉంది. ఫొటోలో 12,834 మి.మీ. 2,567 పిక్సెళ్ళు ఆక్రమించింది, అంటే పిక్సెల్‌కి 5 మి.మీ. ఆ 2,567 పిక్సెళ్ళు సెన్సర్ మీద 15.4 మి.మీ. కెమెరా దూరం 48 × 12,834 ÷ 15.4, అంటే 40 మీటర్లు. హుడ్ 40.5 మీటర్ల దూరంలో ఉన్నట్టు. తలుపు 120.5 పిక్సెళ్ళు వస్తే బోగీ లెక్కన 602.5 మి.మీ. దాన్ని 40.5 ÷ 40తో గుణిస్తే 610. సరిగ్గా 24 అంగుళాలు. ఇదే ఫొటోని ప్లాట్‌ఫారం మీదనుంచి పది మీటర్లలో తీసి ఉంటే తప్పు ఐదు శాతం దాకా వెళ్ళేది. అందుకే దూరంగా నిలబడి జూమ్ చేసిన ఫొటో, ముఖం మీద పెట్టి తీసిన ఫొటోకంటే ఎంతో మేలు.

పాత ప్రింట్లకి ఈ లెక్క కుదరదు. లెన్స్ ఏదో తెలియదు, అంచులు కత్తిరించి ఉంటారు. పాత స్లైడుల్ని స్కాన్ చేసేటప్పుడు తిరగేయడం కూడా మామూలే. నంబరు కనిపిస్తే వెంటనే తెలిసిపోతుంది, కనిపించకపోతే పక్కనున్న స్టేషన్ బోర్డు అక్షరాలు చూడండి. ఎందుకింత పట్టింపంటే ఈ ఇంజన్ కుడి పక్క, ఎడమ పక్క ఒకటి కాదు. క్యాడ్‌లో (కంప్యూటర్ డ్రాయింగులో) సగం గీసి అద్దంలో తిప్పేయడం ఈ పనిలో అన్నిటికంటే తేలికైన తప్పు, అన్నిటికంటే కనిపించే తప్పు కూడా.

బోగీలో నడిమి ఇరుసు సరిగ్గా నడిమిన ఉండదు. ఆల్కో ట్రైమౌంట్ బోగీ తీరే అంత, ఒకవైపు ఎడం ఎక్కువ, ఇంకోవైపు తక్కువ. ఏ ఎడం ఎటువైపుందో పక్క ఫొటోలో చూసి ముందే రాసి పెట్టుకోండి. గూడ్స్ ఇంజన్ డబ్ల్యూడీజీ-3ఏ బోగీ ఫొటో చూసి గీసేవాళ్ళు కూడా ఉన్నారు. పైన బాడీ పోలిక ఉన్నా దాని కింద ఉండేది హై అడ్హెషన్ (పట్టామీద పట్టు ఎక్కువుండే) బోగీ, పూర్తిగా వేరు.

టేపు పట్టుకుని వెళ్ళేది దేనికి

ఫొటోల్లో ఎంత వెతికినా దొరకనివి కొన్నుంటాయి: హుడ్ వెడల్పు, ఫుట్‌ప్లేట్ (హుడ్ పక్కన నడిచే రేకు) మందం, లూవర్ల (గాలి పోయే వాలు రేకుల) లోతు, క్యాబ్ పైకప్పు వంపు. మ్యూజియంలోనో స్టేషన్ ముందు దిమ్మె మీదో పెట్టిన ఇంజన్ దగ్గరికి వెళ్తే ముందు ఇవి కొలవండి. పొడవులు తర్వాత చూసుకోవచ్చు. 5 మీటర్ల టేపు, వెర్నియర్, తూకపు గుండు, ఫొటోలో పక్కన పెట్టడానికి 300 మి.మీ. నలుపు తెలుపు పట్టీ, ఇవి చాలు. పైకప్పు వంపుకి అర్ధవ్యాసం తెలియాలంటే రెండు కొనల మధ్య తాడు లాగి, తాడు నుంచి వంపు నడిమికి ఎత్తు చూడండి. తాడు పొడవు వర్గాన్ని ఎత్తుకి ఎనిమిది రెట్లతో భాగించి, దానికి ఎత్తులో సగం కలపాలి. తాడు 2,000, ఎత్తు 100 అయితే 5,050 మి.మీ. ఎత్తుని అయిదు మి.మీ. తప్పు కొలిచినా అర్ధవ్యాసం దాదాపు 250 మారిపోతుంది, కాబట్టి మూడుసార్లు కొలవండి.

దిమ్మె మీది ఇంజన్‌ని గుడ్డిగా నమ్మొద్దు. రంగు కొత్తది, పోయిన గొట్టాలు పోయినట్టే ఉంటాయి, తలుపులు వెల్డింగ్ చేసేసి ఉంటారు. రేకులూ చట్రమూ నమ్మండి, తగిలించినవాటిని ఫొటోతో సరిచూడండి. పైకప్పు మీది ఫ్యానూ చిమ్నీ కావాలంటే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీదనుంచి తీసిన ఫొటోలే దిక్కు. షెడ్డులోకి వెళ్ళాలంటే అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా పట్టాల మీదికి దిగితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద కేసు.

గేజి తలనొప్పి

మన బ్రాడ్ గేజి 1,676 మి.మీ. హెచ్‌ఓ, అంటే 1:87లో, అది 19.26 మి.మీ. కావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. అది అమెరికా, యూరప్‌ల 1,435 గేజికి సరిపోతుంది. మూడు దారులున్నాయి. బాడీ 1:87లో చేసి 16.5 పట్టామీద నడపడం మొదటిది. చక్రాలు ఒక్కోవైపు 1.38 మి.మీ. లోపలికి పోతాయి, ఎదురుగా చూస్తే ఇంజన్ కాళ్ళు దగ్గర పెట్టి నిలుచున్నట్టుంటుంది. పక్కనుంచి ఏమీ తెలియదు. రెండోది గేజికి సరిపడేలా బాడీనే 1:101.6కి కుదించడం. ఇంజన్ 168.5 మి.మీ. అవుతుంది, 1:87లో అయితే 196.8. చూడ్డానికి తూకంగా ఉంటుంది కానీ మీ దగ్గరున్న ఏ పెట్టె పక్కనా నిలబడదు. మూడోది 19.26 పట్టా సొంతంగా వేసుకోవడం. అద్దాల పెట్టెలో పెట్టే ఒక్క ఇంజన్‌కి అది సరే, లేఅవుట్‌కి పాయింట్లన్నీ (పట్టాలు విడిపోయే చోట్లు) చేత్తో కట్టాలి. నడిపే మోడల్‌కి మొదటి దారే మంచిది. ఆ 1.38ని బోగీ పక్క చట్రాల వెనకాల నీడ చాలావరకు దాచేస్తుంది.

మోటారు చట్రం కొత్తగా కట్టనక్కర్లేదు. అట్లాస్ హెచ్‌ఓలో చేసిన ఆల్కో ఆర్‌ఎస్‌డీ-4/5, ఆర్‌ఎస్‌డీ-12 మోడళ్ళకి ట్రైమౌంట్ బోగీలే ఉన్నాయి. బాడీ గీయకముందే చట్రం తెచ్చి, బయటి ఇరుసుల దూరం కొలవండి. మీకు కావలసింది 147.5 మి.మీ. తేడా ఉంటే రెండు బోగీల మధ్య ఫ్రేముని కోసి సర్దాలి. బాడీ 3డీ ప్రింటయ్యాక ఈ సంగతి తెలిస్తే ఫ్యూయల్ ట్యాంకుకి చోటుండదు. అమెరికా చక్రాలు 40 అంగుళాలవి, అంటే 1,016 మి.మీ. మన లెక్కలో సరిగ్గా తీసి పారేయాల్సిన దశలో ఉన్న చక్రం! మార్చకుండా వాడితే ఇంజన్ 0.4 మి.మీ. కిందికి కూర్చుంటుంది. బఫర్ల నడిమి ఎత్తు పట్టానుంచి 1,030, 1,105 మి.మీ. మధ్య ఉండాలి, స్కేలులో 11.8 నుంచి 12.7. ఆ హద్దు లోపల ఉంటే వదిలేయొచ్చు.

క్యాడ్, ప్రింటు

క్యాడ్‌లో అసలు ఇంజన్ కొలతల్లోనే గీయండి, ఆఖర్న 87తో భాగించండి. స్కేలులో గీస్తే 0.03, 0.07 అంకెలతో తప్పులు పట్టుకోలేం. అయితే అన్నీ భాగించి వదిలేస్తే ప్రింటు నిలవదు. 6 మి.మీ. ఇనప ప్లేటు 0.07 అవుతుంది, 3డీ ప్రింటరు ద్రవం రెజిన్‌లో అది రాదు. కాబట్టి రెండు ఫైళ్ళు ఉంచుకోవాలి. ఒకటి అసలు కొలతలది, దాన్ని ఎప్పుడూ ముట్టుకోకూడదు. రెండోదాంట్లో గోడలు 1.0 నుంచి 1.2 మి.మీ. మందం, లూవర్లు, తలుపు అతుకులు కనీసం 0.15 నుంచి 0.2 ఎత్తు లేదా లోతు. చేతిపట్టు కడ్డీలు ప్రింటు చేయొద్దు, ముట్టుకుంటే విరుగుతాయి. 0.4 మి.మీ. ఇత్తడి తీగ, దానికి 0.45 రంధ్రాలు. రంధ్రాల గుర్తులు ఫైల్లోనే పెట్టుకుంటే డ్రిల్లు జారదు.

బఫర్లు తీసేసినా 182 మి.మీ. పొడుగు బాడీ చిన్న రెజిన్ ప్రింటర్లలో పట్టదు. నడిమికి ఎక్కడో కోయకుండా, క్యాబ్ లాంగ్ హుడ్‌ని కలిసే చోట కోయండి. అసలు ఇంజన్‌లోనూ అక్కడ గీత ఉంది కాబట్టి అతుకు దాచే పని లేదు. హుడ్‌ని పడుకోబెట్టి ప్రింటు తీస్తే పొడవునా వంకరపోతుంది. 30 నుంచి 45 డిగ్రీలు వాల్చి, లోపలివైపు సపోర్టులు ఇచ్చి తీయాలి. కడిగాక, యూవీ కింద పెట్టేముందు లోపల తిన్నటి ఇత్తడి పట్టీ ఇరికించి గట్టిపడనివ్వండి. రెజిన్ కుంచించుకుపోతుంది, ఎంతన్నది సీసా సీసాకీ మారుతుంది. 100 మి.మీ. కడ్డీ ఒకటి అదే కోణంలో తీసి, వెర్నియర్‌తో కొలిచి, వచ్చిన తేడాని ఫైలుకి కలపండి. 99.4 వస్తే 1.006తో గుణించడమే.

రంగు ఫొటో నుంచి ఎత్తుకోవద్దు. పాత కలర్ ప్రింట్లలో ఒక్కో డై ఒక్కో వేగంతో వెలిసిపోయి, బొమ్మంతా ఎర్రబారుతుంది. అదే ఫొటోలో తెల్లటి నంబరునీ బూడిదరంగు కంకరనీ చూసి, అవి తటస్థంగా వచ్చేదాకా సరిదిద్దాకే ఇంజన్ రంగు గుర్తించాలి. అప్పుడు కూడా అదే షెడ్డు ఇంజన్ రంగు ఫొటోలు రెండైనా కలవాలి.

నంబరూ షెడ్డు పేరూ చాలాచోట్ల తెలుపులో ఉంటాయి. మామూలు లేజర్ ప్రింటర్ తెలుపు వేయలేదు. తెల్ల డెకాల్ (తడిపి అంటించే బొమ్మ) కాగితం మీద అక్షరం చుట్టూ బాడీ రంగు అచ్చువేసి, అక్షరాన్ని ఖాళీ వదలడం ఒక పద్ధతి. కానీ ఆ చుట్టుపక్కల రంగు మీ పెయింటుతో కలవక చతురస్రంగా కనిపిస్తుంది. డెకాల్‌ని క్యాబ్ పక్క ప్యానెల్ అంచులదాకా కోసి, ఆ ప్యానెల్ మొత్తాన్ని ఒకే ముక్కతో కప్పేస్తే అంచు రేకు అతుకులో కలిసిపోతుంది.